వాళ్ల మాట వినే తలుపు మూయనివ్వొద్దు!

మెల్‌బోర్న్ పడమటి శివార్ల తెలుగువారికి విన్నపం

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెరిబీల్లో ఉంటున్న అన్నలారా, అక్కలారా! చదువుల కోసం వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పిల్లల దగ్గరికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దలారా!

2023 అక్టోబరు 14న ఈ దేశం ఒక ప్రశ్నకు ఓటేసి జవాబు చెప్పింది. నూటికి 60 మంది ‘నో’ అన్నారు. ఆ రోజు నుంచి ఒక మాట మాత్రం గట్టిగా వినిపిస్తోంది: "జనం తీర్పు ఇచ్చేశారు, మూలవాసుల సంగతి ఇక ముగిసింది." ముగియలేదని చెప్పడానికే ఈ కరపత్రం. ఆ రోజు ఓడిపోయింది రాజ్యాంగంలో చేర్చాలనుకున్న ఒక సెక్షన్ మాత్రమే. మూలవాసుల మాట వినాల్సిన బాధ్యత ఆ బ్యాలెట్ పేపరుతో పుట్టలేదు, దానితో పోదు కూడా. పైగా 2026 నవంబరు 28న విక్టోరియా ఎన్నికల్లో అదే ప్రశ్న ఇంకో రూపంలో మన గుమ్మం ముందుకు వస్తోంది. ఈసారి మన గొంతు కూడా వినిపించాలి.

అప్పుడు యెస్ వేసింది ఎవరు, నో వేసింది ఎవరు అని ఆరా తీయడం మా పని కాదు. రెండు వైపులా ఉన్నవాళ్లం కలిసి ఆలోచిద్దాం రండి.

ఇంతకీ ఆ రోజు అడిగిందేమిటి?

అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులను ఈ నేల తొలి ప్రజలుగా గుర్తిస్తూ ‘వాయిస్’ అనే మండలిని రాజ్యాంగంలో పెట్టాలా అని అడిగారు. చేర్చాలనుకున్న 129వ సెక్షన్‌లో ఉన్నవి మూడే సంగతులు. మండలి ఒకటి ఉంటుంది. మూలవాసులకు సంబంధించిన విషయాల మీద అది పార్లమెంటుకూ ప్రభుత్వానికీ తన అభిప్రాయం చెప్పుకోవచ్చు. అందులో ఎందరుండాలి, ఎలా పనిచేయాలి అన్నది పార్లమెంటు చట్టం చేసి తేలుస్తుంది. అంతే. చట్టాలు చేసే అధికారం లేదు. ఆపే అధికారం లేదు. చెప్పిన మాట ప్రభుత్వం పాటించి తీరాలన్న నిబంధన కూడా లేదు.

అంత చిన్న కోరిక ఎందుకు ఓడింది? ఇక్కడ రాజ్యాంగం మార్చడం మహా కష్టం. 128వ సెక్షన్ ప్రకారం దేశం మొత్తం మీద మెజారిటీ రావాలి, ఆరు రాష్ట్రాల్లో నాలుగింట విడిగా కూడా మెజారిటీ రావాలి. 1901 నుంచి ఇలా 45 ప్రతిపాదనలు ప్రజల ముందుకొస్తే నెగ్గినవి 8. రెండు పెద్ద పక్షాలూ ఒప్పుకోకుండా నెగ్గింది ఒక్కటీ లేదు. 2023 ఏప్రిల్‌లో ప్రతిపక్ష నాయకుడు పీటర్ డటన్ ‘నో’ వైపు నిలబడిన నాడే దారి మూసుకుపోవడం మొదలైంది. చివరికి ఆరు రాష్ట్రాలూ ‘నో’ అన్నాయి. ‘యెస్’ అన్నది రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతం ఒక్కటే.

మరి మూలవాసులే ఎక్కువగా ఉండే ఊళ్లు ఏమన్నాయి? ఉత్తరాన వడాయ్‌లో, టివీ దీవుల్లో, క్వీన్స్‌లాండ్ తీరంలోని పామ్ ఐలండ్‌లో పోలింగ్ కేంద్రాల లెక్కలు తీస్తే భారీ మెజారిటీతో ‘యెస్’. ఎవరి గురించి ఓటేశామో వాళ్ల ఊళ్లు ఒక మాట చెబితే, మిగతా దేశం ఇంకో మాట చెప్పింది. జనాభాలో వాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. ఓట్ల లెక్కలో వాళ్లు ఎప్పుడూ గెలవలేరు. వాయిస్ అడగడానికి కారణమే అది.

ఈ కోరిక వయసు ఎంత?

మనలో చాలామంది టార్నీట్‌లో రైలెక్కి ఫుట్‌స్క్రే మీదుగా సిటీకి పోతుంటాం. ఆ ఫుట్‌స్క్రేలోనే 1930లలో విలియమ్ కూపర్ అనే యోర్టా యోర్టా పెద్దాయన ఉండేవాడు. ఆయన కొడుకు డేనియల్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనికుడిగా ప్రాణమిచ్చాడు. ఆ తండ్రి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, తోటివారి చేత 1,800కు పైగా సంతకాలు చేయించి, బ్రిటిష్ రాజుకు అర్జీ రాశాడు. మా జాతి అంతరించిపోకుండా కాపాడండి, మా బతుకులు బాగుచేయండి, పార్లమెంటులో మా తరఫున మాట్లాడే మనిషిని ఒకరిని ఇవ్వండి అని అడిగాడు. 1938లో ఫెడరల్ ప్రభుత్వం ఆ అర్జీని రాజుకు పంపడానికి కూడా ఒప్పుకోలేదు.

అదే ఏడు డిసెంబరు 6న, జర్మనీలో యూదుల మీద జరిగిన దాడులకు నిరసనగా ఈ పెద్దాయన తన వాళ్లను వెంటబెట్టుకుని మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేటుకు వెళ్లాడు. కాన్సుల్ వాళ్లను లోపలికి రానివ్వలేదు. తన దేశంలో తనకే హక్కులు లేని మనిషి, ఎక్కడో ఖండాంతరంలో ఉన్న పరాయివాళ్ల కోసం నడిచాడు! వలస వచ్చిన మనం "ఇది మన గొడవ కాదు" అనే ముందు ఆయన్ను ఒక్కసారి తలచుకోవాలి.

కూపర్ తర్వాతా అడుగుతూనే ఉన్నారు. 1963లో యిర్కాలా పెద్దలు చెట్టు బెరడు మీద అర్జీ అతికించి పార్లమెంటుకు పంపారు. 1988లో బరుంగా దగ్గర ప్రధాని బాబ్ హాక్ ఒప్పందం చేసుకుంటామని మాటిచ్చాడు. ఆ ఒప్పందం రాలేదు. 2017 మేలో దేశం నలుమూలల నుంచి వచ్చిన సుమారు 250 మంది ప్రతినిధులు ఉలూరు దగ్గర కూర్చుని, వాయిస్, ఒప్పందం, సత్యశోధన అన్న మూడు కోర్కెలను దేశం ముందుంచారు.

"సలహా మండలి కావాలంటే మామూలుగా పెట్టుకోవచ్చుగా, రాజ్యాంగం దాకా ఎందుకు?" అని అడిగినవాళ్లున్నారు. పెట్టారు బాబూ, పెట్టారు! 1973లో ఒకటి పెట్టారు, నాలుగేళ్లకు తీసేశారు. 1977లో ఇంకొకటి, 1985లో దాన్నీ తీసేశారు. 1990లో ఏట్సిక్ అనే సంస్థ పెట్టారు, 2005లో అదీ పోయింది. ప్రభుత్వం మారితే చాలు, మాట్లాడే వేదికే మాయం. ఆ ఊడగొట్టే పని ఆగాలనే రాజ్యాంగంలో చోటు అడిగారు.

మన మధ్య తిరిగిన మాటలు, మా జవాబులు

*"అందరూ సమానమే కదా, జాతి పేరు చెప్పి విడదీయడం ఎందుకు?"*

మంచి ప్రశ్నే. అయితే ఈ రాజ్యాంగంలో జాతి అన్న మాట ఎప్పటినుంచో ఉంది. ఏ జాతి ప్రజల కోసమైనా ప్రత్యేక చట్టాలు చేసే అధికారం 51వ సెక్షన్ పార్లమెంటుకు ఇస్తోంది. 1967 రెఫరెండంలో నూటికి 90 మంది ‘యెస్’ అని, ఆ అధికారాన్ని మూలవాసులకూ వర్తింపజేశారు. వాళ్లకు మేలు జరుగుతుందనే ఆశతో వేసిన ఓటది. కానీ ఆ అధికారాన్ని మేలుకే వాడాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 2007లో నార్తర్న్ టెరిటరీలో ప్రభుత్వం జోక్యం చేసుకున్నప్పుడు మూలవాసుల ఊళ్లకే ప్రత్యేక ఆంక్షలు పెట్టారు, వాళ్ల చేతికొచ్చే భృతిలో సగం ఎలా ఖర్చుపెట్టాలో కూడా ప్రభుత్వమే చెప్పింది. అందుకోసం 1975 నాటి జాతి వివక్ష నిరోధక చట్టాన్ని వాళ్ల విషయంలో పక్కన పెట్టారు. ఆఫీసులోనో, అద్దె ఇంటి దగ్గరో మన రంగు చూసి ఎవరైనా అన్యాయం చేస్తే మనం పట్టుకుపోయేది ఆ చట్టాన్నే! 2007లో చేసిన చట్టం వాళ్ల కోసమే, వాళ్ల ఊరి కోసమే. వాళ్లను అడిగింది మాత్రం లేదు. పిల్లను ఒక్క మాట అడక్కుండా పెళ్లి ఖాయం చేసినట్టుంది వ్యవహారం. విడదీసింది వాయిస్ కాదు, అడగకుండా చేసిన చట్టాలు.

*"వాళ్ల నాయకులే నో అన్నారుగా?"*

అన్నారు, దాచాల్సిన పని లేదు. ఉత్తరం నుంచి వచ్చిన సెనేటర్ జసింటా నంపిజిన్పా ప్రైస్, ఇది దేశాన్ని విడదీస్తుందని, ఊళ్లలోని కష్టాలు తీరవని ‘నో’ ప్రచారాన్ని ముందుండి నడిపించారు. విక్టోరియా సెనేటర్ లిడియా థోర్ప్ మరో కారణం చెప్పారు: అధికారం లేని సలహా మండలి మాకు చాలదు, ఒప్పందం కావాలి అన్నారు. అంటే ‘నో’లో రెండు మాటలున్నాయి. ఒకటి ఎక్కువైందని, ఒకటి చాలదని. రెండింటినీ ఒకే గంపలో వేసి "వాళ్లకే అక్కర్లేదు" అనేయడం న్యాయమా?

*"మన ఇళ్లు, స్థలాలు తీసుకుంటారేమో?"*

అప్పు చేసి, ముప్పై ఏళ్ల వాయిదాలకు సంతకం పెట్టి ఇల్లు కొన్నవాళ్లకు ఈ భయం కలగడం సహజం. కానీ భయపడక్కర్లేదు. 1992లో మాబో తీర్పు మూలవాసుల భూమి హక్కును మొదటిసారి గుర్తించింది. మరుసటి ఏడు నేటివ్ టైటిల్ చట్టం వచ్చింది. సొంత పట్టా ఉన్న భూమి మీద నేటివ్ టైటిల్ రద్దయినట్టేనని చట్టమే చెబుతోంది. మీ ఇంటి పట్టాను వాయిస్ ముట్టేది కాదు, విక్టోరియా 2025లో మూలవాసులతో చేసుకున్న ఒప్పందం (ట్రీటీ) కూడా ముట్టదు.

*"మనం కష్టపడి పైకొచ్చాం, వాళ్లూ రావచ్చుగా?"*

మనం డిగ్రీలు చేతపట్టుకుని, వీసా వేయించుకుని, విమానం దిగాం. వాళ్ల తల్లుల ఒళ్లో నుంచి ప్రభుత్వమే పిల్లల్ని లాక్కుపోయింది. దానికి 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. ఇవాళ్టికీ మూలవాసుల ఆయుర్దాయం మిగతావారికన్నా సుమారు 8 ఏళ్లు తక్కువ. ఈ దేశం జైళ్లలో ఉన్నవాళ్లలో మూడోవంతుకు పైగా మూలవాసులే. కష్టపడకపోవడం వల్ల వచ్చిన అంకెలు కావివి.

మనకు ఇది కొత్తా?

ఒక్కసారి ఇంటివైపు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో అరకు, పాడేరు, రంపచోడవరంతో కలిపి 7 అసెంబ్లీ స్థానాలు, తెలంగాణలో భద్రాచలం, ములుగు, ఆసిఫాబాద్‌తో కలిపి 12 స్థానాలు గిరిజనులకే. ఆ సీట్ల వల్ల గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఎవరి ఓటు విలువైనా తగ్గిందా? భారత రాజ్యాంగం అయిదో షెడ్యూలులో గిరిజన సలహా మండలి ఉంది. అందులో నాలుగింట మూడు వంతుల మంది గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలి. 1996లో పెసా చట్టం గ్రామసభ మాటకు విలువ కట్టింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, బొర్రా దగ్గరి గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవంది. అయిదో షెడ్యూలు రాజ్యాంగంలో ఒక మూల రాసిపెట్టి ఉండబట్టే, గిరిజనులు కోర్టు మెట్లెక్కి అడగగలిగారు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని మేం అనడం లేదు. పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ చేస్తున్న కొండరెడ్లను, కోయలను అడిగితే అసలు సంగతి చెబుతారు. మన సలహా మండలికి ఒక లోపం కూడా ఉంది: గవర్నరు తన దగ్గరికి పంపిన విషయాల మీదే అది సలహా చెప్పాలి. పిలిస్తేనే పలకాలి. వాయిస్ అయితే పిలవకపోయినా పలికేది. మన రాజ్యాంగంలో ఉన్నదాని కన్నా ఒక్క అడుగు ముందుకేసిన కోరిక, ఇంకా చాలా విషయాల్లో ఎన్నో అడుగులు వెనకున్న కోరిక. సీట్లు అడగలేదు, ఉద్యోగాల కోటా అడగలేదు. గిరిజన హక్కులు రాసుకున్న దేశం నుంచి వచ్చిన మనకు ఇది వింతగా తోచాల్సిన పని లేదు.

ఇప్పుడు విక్టోరియాలో జరుగుతున్నది

1835లో జాన్ బ్యాట్‌మన్ ఈ పోర్ట్ ఫిలిప్ తీరంలో వురుంజెరి పెద్దలకు దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్లు, పిండి ఇచ్చి దాదాపు 6 లక్షల ఎకరాలు తనవయ్యాయన్నాడు. భూమి మొత్తం బ్రిటిష్ రాజుదే, దాన్ని అమ్మే హక్కు మూలవాసులకు లేదని గవర్నర్ బర్క్ ఆ కాగితాన్ని కొట్టేశాడు. బ్యాట్‌మన్ చేసింది మోసమైతే, గవర్నర్ చెప్పింది అంతకన్నా పెద్ద మోసం.

190 ఏళ్ల తర్వాత, 2025 నవంబరులో విక్టోరియా ప్రభుత్వమూ మూలవాసులు ఎన్నుకున్న ఫస్ట్ పీపుల్స్ అసెంబ్లీ సహాధ్యక్షులూ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆస్ట్రేలియా చరిత్రలో ఒక ప్రభుత్వం మూలవాసులతో ఇలా రాష్ట్రం మొత్తానికి ట్రీటీ కుదుర్చుకోవడం ఇదే తొలిసారి. దాని వెనక ఏళ్ల పని ఉంది. 2019లో అసెంబ్లీకి మొదటి ఎన్నికలు జరిగాయి. సత్యశోధన కోసం పెట్టిన యూరూక్ న్యాయ కమిషన్ నాలుగేళ్లపాటు సాక్ష్యాలు విని 2025లో తుది నివేదిక ఇచ్చింది. ఈ ట్రీటీ కోసం చేసిన చట్టంతో అసెంబ్లీకి శాశ్వత రూపం వచ్చింది. తమవాళ్లకు సంబంధించిన చట్టాల మీద అది పార్లమెంటుకు సలహా చెప్పవచ్చు, మంత్రులను ప్రశ్నించవచ్చు. వీటో లేదు, శాసనాధికారం పార్లమెంటుదే.

కానీ ఇది మామూలు చట్టం. ఇవాళ్టి పార్లమెంటు చేసినదాన్ని రేపటి పార్లమెంటు రద్దు చేయగలదు. గెలిస్తే రద్దు చేస్తామని ప్రతిపక్ష కూటమి ఇప్పటికే ప్రకటించింది. ఇది ఉత్తి బెదిరింపని అనుకోకండి. క్వీన్స్‌లాండ్‌లో 2023లో అధికార, ప్రతిపక్షాలు రెండూ ఓటేసి ‘పాత్ టు ట్రీటీ’ చట్టం చేశాయి. రెఫరెండం ఓడిన వెంటనే అక్కడి ప్రతిపక్షం తన మద్దతు వెనక్కి తీసుకుంది. 2024 అక్టోబరులో గెలిచింది, దాదాపు నెలకే చట్టాన్ని రద్దు చేసింది, అప్పుడే పని మొదలుపెట్టిన సత్యశోధన విచారణను ఆపేసింది. దేశమంతా ఇచ్చిన ఒక్క ‘నో’ను చూపించి, వేరే రాష్ట్రంలో వేరే తలుపు మూసేశారు.

ఇంకో ఉదాహరణ కూడా ఉంది. సౌత్ ఆస్ట్రేలియా రెఫరెండానికి ముందే తన సొంత వాయిస్ చట్టం చేసుకుంది. రెఫరెండంలో ఆ రాష్ట్రం కూడా ‘నో’ అంది. అయినా చట్టాన్ని ఉంచారు, 2024 మార్చిలో ఎన్నికలు పెట్టారు. ఓటేసినవాళ్లు తక్కువే. అయినా గొంతు నిలిచింది. ఏ దారి పట్టాలో విక్టోరియా తేల్చుకోవాల్సింది ఈ నవంబరులోనే.

మరి మనం ఏం చేద్దాం?

ఫలానా పార్టీకి వేయండని మేం చెప్పడం లేదు. ఏ పార్టీ మనిషి వచ్చినా ఈ ప్రశ్నలు అడగండి:

1. మీరు గెలిస్తే ట్రీటీ చట్టాన్ని ఉంచుతారా, తీసేస్తారా? సూటిగా చెప్పండి.
2. తీసేస్తామంటే, మూలవాసుల మాట వినడానికి దాని బదులు ఏం పెడతారు? అది ఎంతకాలం ఉంటుంది?
3. యూరూక్ కమిషన్ సిఫారసుల్లో దేన్ని, ఎప్పటిలోగా అమలు చేస్తారు?

ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి మన సభల్లో వేదిక ఎక్కి దండలు వేయించుకునే అభ్యర్థులు వీళ్లే. ఫోటో దిగేటప్పుడు పక్కన నిలబడి ఈ మూడు అడగండి. జవాబు మీ వీధిలో అందరికీ చెప్పండి.

పౌరసత్వం ఉన్నవాళ్లకు ఇక్కడ ఓటేయడం తప్పనిసరి. ఇల్లు మారినవాళ్లు ఓటరు నమోదులో చిరునామా ముందే సరిచూసుకోండి. పౌరసత్వం రానివాళ్లకు ఓటు లేకపోయినా నోరుంది, కలముంది. మీ ఎంపీకి రాయండి, మీ ఇంట్లో ఓటున్నవాళ్లతో మాట్లాడండి.

మన సంఘాల పెద్దలకు ఒక మాట. సభ మొదట్లో "ఈ నేల బునురాంగ్, వాదవురంగ్ ప్రజలది" అని ఇంగ్లిషులో చదివి ఊరుకుంటే సరిపోదు. వాళ్ల పెద్దలను పిలవండి. వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి పంపేయకండి. మైకు వాళ్ల చేతికిచ్చి, మనం కింద కూర్చుని విందాం. శని, ఆదివారాలు తెలుగు బడి నడిపే మాస్టార్లు, టీచర్లు పిల్లలకు అల్లూరి, కొమురం భీమ్ కథలు చెప్పేటప్పుడు, పక్కనే విలియమ్ కూపర్ కథ, ఎడ్డీ మాబో కథ కూడా చెప్పండి. వాళ్లు పెరిగేది ఇక్కడే కదా.

ఇక వాట్సాప్‌లో ఇల్లు పోతుంది, భూమి పోతుంది అన్న మెసేజీ వస్తే ముందుకు పంపకండి. పంపినవాళ్లను నిలదీయండి: ఏ చట్టం, ఏ సెక్షన్ అని అడగండి.

తెలుగువారలారా! ఈ రాష్ట్రంలో మన ఓట్లు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయి. మన వీధుల్లో పార్టీలవాళ్లు తలుపులు తట్టేది అందుకే. ఆ బలాన్ని రోడ్ల కోసం, బడుల కోసం, స్టేషన్ పార్కింగ్ కోసం వాడుతున్నాం, మంచిదే. ఈ ఒక్కసారి మనకన్నా ముందునుంచీ ఈ నేల మీద ఉన్నవాళ్ల కోసం కూడా వాడదాం.

ట్రీటీ చట్టాన్ని నిలబెట్టుకుందాం!
మూలవాసుల మాట వినే వేదికను కాపాడుకుందాం!
అభ్యర్థులను నిలదీద్దాం – నవంబరు 28న ఆలోచించి ఓటేద్దాం!

ఇట్లు,
మెల్‌బోర్న్ పడమటి శివార్ల తెలుగువాళ్లం కొందరం

(చదివాక పారేయకండి. పక్కింటివాళ్లకు ఇవ్వండి.)